‘కనబడలేదు’ అనాల్సిన చోట ‘లేదు’ అన్నాను

బరంపురం నుంచి ఒక రేడియాలజిస్టు రాసిన ఉత్తరం ఇది. ఆరు పేజీలు. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 36 ఏళ్లు. పుట్టింది పర్లాకిమిడిలో, తెలుగు ఇంట్లో. ఇంటర్ రెండేళ్లూ పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకున్నారు. రేడియాలజీలో ఎండీ అయ్యాక ఎముకలు, కీళ్ల స్కానింగుల్లో ఏడాదిపాటు ప్రత్యేక శిక్షణ పొందారు. నాలుగేళ్లుగా బరంపురంలో ఒక స్కానింగ్ సెంటర్లో పని. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల మోకాళ్లు, భుజాలు, నడుములు ఆమె కళ్ల ముందు నుంచే పోతాయి.

కిందటి కార్తీకంలో ఆమె పెద్దమ్మ (71 ఏళ్లు) పెరట్లో నూతి గట్టు దగ్గర జారిపడ్డారు. పెద్దమ్మ కొడుకు పర్లాకిమిడిలోనే ఎక్స్‌రే తీయించి, ఆ ఫిల్మును ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుని ఫోన్లో ఫొటో తీసి రాత్రి పదింటికి పంపారు. ఈమె పిల్లాణ్ణి నిద్రపుచ్చుతూ, రెండు వేళ్లతో బొమ్మ పెద్దది చేసి చూసి జవాబు పెట్టారు: “ఫ్రాక్చర్ లేదు. కండరం పట్టేసి ఉంటుంది. వారం రోజులు రెస్టు, వేణ్నీళ్ల కాపడం.” అటునుంచి అన్నయ్య వాయిస్ మెసేజి: “నువ్వు సూసినావు కదమ్మా, ఇంకేటి బెంగ.”

విరగలేదన్నారు కాబట్టి పెద్దమ్మ నొప్పితోనే తిరిగారు. దీపాలు పెట్టారు. పందొమ్మిదో రోజు బాత్‌రూములో కాలు మడతపడి కూలబడ్డారు. శ్రీకాకుళం తీసుకెళితే తుంటి ఎముక పూర్తిగా విరిగి పక్కకు జరిగిపోయిందని చెప్పి బాల్ మార్చారు. ఇప్పుడు వాకర్‌తో నడుస్తున్నారు. పీట మీద కూర్చుని చేసే పూజ మానేశారు.

పరామర్శకు వెళ్లినప్పుడు ఈమె ఆ మొదటి ఫిల్మును పగటి వెలుగులో చూశారు. “తొడ ఎముక మెడలో తెల్లటి గీత, వెంట్రుకంత. అప్పుడే ఉంది. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు” అని రాశారు. ఆ రోజు నుంచి ఏ ఫిల్ము చూసినా చేయి వణుకుతోంది. ప్రతి రిపోర్టు కింద “వైద్యపరంగా సరిచూసుకోగలరు, ఎమ్మారై మంచిది” అని పెడుతున్నారు. “మేడమ్, మీ రిపోర్టు చదివితే నాకేమీ తెలియడం లేదు” అని ఊళ్లో ఎముకల డాక్టరు మొహం మీదే అనేశారట. హైదరాబాద్‌లో టెలిరేడియాలజీ (దూరం నుంచి స్కానింగులు చదివే) కంపెనీ ఒకటి ఇంటి నుంచే చదవమని పిలుస్తోంది, నెలాఖరులోగా చెప్పాలి. ఫోన్లో ఫొటోలు మాత్రం రోజుకు అయిదారు వస్తూనే ఉన్నాయి. పెద్దమ్మ వాళ్లకు చెప్పాలా, ఈ పనికి నేను పనికొస్తానా, వెళ్లిపోనా? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈ శీర్షికకు రాకముందు ముప్పై ఏళ్లు మీ పనే చేసినదాన్ని కాబట్టి మొదటిసారి నా కన్ను ఆ గీత దగ్గరే ఆగింది. రెండోసారి చదువుతుంటే ఆఖరి పేజీలో, పైన సారాంశంలో నేను కూడా కావాలనే వదిలేసిన ఒక వాక్యం పట్టుకుంది. “బాత్‌రూము తడిగా వదిలేసిందని ఇంట్లో అందరూ వదిననే అంటున్నారు.” మీరు దాన్ని మాటవరసకు రాసి దాటేశారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తానికీ ఇరుసు అదే అనిపించింది. దాని దగ్గరికి వస్తాను. ముందు ఫిల్ము సంగతి.

తొడ ఎముక పైన గుండ్రటి తల, దాని కింద సన్నటి మెడ. వయసు మీద పడి ఎముక గుల్లబారాక, నిలుచున్న చోట పడినా ఆ మెడ చిట్లుతుంది. ఒక్కోసారి విరిగిన ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగబడి అక్కడికి నిలిచిపోతాయి. అప్పుడు మనిషి కుంటుకుంటూ నడవగలదు కూడా, మీ పెద్దమ్మగారిలాగే. ఎక్స్‌రేలో దొరికేదల్లా ఒక తెల్లటి సన్న పట్టీ, లేదా ఎముక లోపలి నారల్లాంటి గీతలు ఒకచోట వంకర తిరగడం. నూటికి రెండు నుంచి పది దాకా తుంటి విరుపులు మొదటి ఎక్స్‌రేలో అసలు కనబడవని అంటారు, అవి ఎమ్మారైలో బాగా తేలతాయి. బ్రిటన్‌లో వైద్యులకు మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2011లోనే చెప్పింది: తుంటి విరిగిందన్న అనుమానం ఉండి ఎక్స్‌రే బాగున్నట్టుంటే ఎమ్మారై తీయండి, 24 గంటల్లో దొరక్కపోతే సీటీ తీయండి అని. ఇదంతా మీకు తెలిసిందే. మీ అన్నయ్యలాంటి పాఠకుల కోసం రాస్తున్నాను.

మీ పెద్దమ్మగారిది పూర్తిగా దాగిన విరుపు కాదు, అరకొరగా కనిపించేది. పగటి వెలుగులో మీకు దొరికింది. అయితే ఆ రోజు మీరు చూసింది ఆపరేషన్ అయిపోయిందని తెలిసిన కళ్లతో. జవాబు తెలిశాక పొడుపుకథ ఎవరికైనా సులువే. 1949లో లియో హెన్రీ గార్లండ్ అనే అమెరికా రేడియాలజిస్టు ఛాతీ ఎక్స్‌రేల మీద లెక్క తీసి, జబ్బున్న ఫిల్ముల్లో దాదాపు 30 శాతం దాకా అనుభవమున్నవాళ్లు కూడా వదిలేస్తున్నారని బయటపెట్టాడు. తోటివాళ్లకు ఆ మాట మింగుడుపడలేదు. ఆ తర్వాత యంత్రాలు మారాయి, చూసే కళ్లు అవే.

కావాలంటే ఒక పరీక్ష చేసుకోవచ్చు. పెద్దమ్మగారి ఫిల్మును పేరు తీసేసి, మరో ఇరవై తుంటి ఫిల్ముల మధ్యలో కలిపి ఇద్దరు స్నేహితులకు ఇవ్వండి. ఆ రోజు మీ ఫోనుకొచ్చిన ఫొటోను ఇంకో ఇరవై ఫొటోల్లో కలిపి, మరో ఇద్దరికి ఇవ్వండి. అందరూ ఫొటోలో తప్పి ఫిల్ములో పట్టుకుంటే, మీ కన్నుకు తెగులేమీ లేదని తెలుస్తుంది. ఫొటోలోనే పట్టేశారనుకోండి, ఆ రాత్రి మీరు సరిగ్గా చూడలేదన్నది ఖాయమవుతుంది. ఆ జవాబును తట్టుకోగలను అనుకుంటేనే ఈ పని పెట్టుకోండి. తెలియకుండా ఉండటమూ ఒక దారే, కాకపోతే రాత్రిళ్లు నిద్ర పట్టదు.

నన్నడిగితే మీ పొరపాటు కంటిలో కన్నా మెసేజిలో ఎక్కువుంది. 71 ఏళ్ల ముక్కూమొహం తెలియని మనిషి ఫిల్ము సెంటరుకు వస్తే మీరేం చేసేవారు? నిలబడగలుగుతోందా, నొప్పి గజ్జల్లోనా, పడుకుని కాలు చాచి పైకెత్తగలదా, పక్క నుంచి తీసిన ఫిల్ము ఏది అని అడిగేవారు. సొంత మనిషి కాబట్టి ఇవేవీ అడగలేదు. చుట్టరికం చేసే పని ఇది, దగ్గరివాళ్ల దగ్గరే మనం తొందరపడతాం. ట్యూబ్‌లైటు ముందు పట్టుకున్న ఫిల్మును ఫోన్ తీస్తే సగం పోతుంది, వాట్సాప్ కుదించి పంపితే మరికొంత పోతుంది. ఆ మిగిలిన దాన్ని చూసి “ఫొటోలో నాకేమీ కనబడలేదు” అని ఉంటే అది నిజమే అయ్యేది. మీరు “ఫ్రాక్చర్ లేదు” అన్నారు. కనబడకపోవడం ఫొటో సంగతి, లేకపోవడం ఎముక సంగతి. మొదటిది విన్నవాళ్లు నొప్పి తగ్గకపోతే మళ్లీ ఎక్కడికైనా తీసుకెళతారు. రెండోది విన్నవాళ్లు వేణ్నీళ్లు కాస్తారు.

ఇక చెప్పడమా, మానడమా.

మానేశారనుకుందాం. ఏడాది గడిస్తే అందరూ మరిచిపోతారని మీ ఆశ. మరిచిపోవచ్చు కూడా. కానీ ఈ మౌనం ఖర్చు మీరొక్కరే భరించడం లేదు. ఆ ఇంటి లెక్క ప్రకారం ఎముక విరిగింది పందొమ్మిదో రోజున, తడి నేల మీద, కోడలి నిర్లక్ష్యం వల్ల. మీకు తెలిసిన లెక్క ప్రకారం ఎముక నూతి గట్టు దగ్గరే చిట్లింది. పందొమ్మిదో రోజున ఆ చిట్లిన ముక్క పక్కకు జరిగింది, అంతే. నేల పొడిగా ఉన్నా ఏదో ఒక రోజు అలా పక్కకు జరిగేదేమో. మీ వదిన ఆ వాకర్ చప్పుడు రోజూ వింటోంది. మీరు నోరు విప్పేదాకా ఆ మాట ఆవిడ మీదే ఉంటుంది. పైగా రెండు ఫిల్ములూ ఆ ఇంట్లో ఒకే కవర్లో ఉన్నాయి. రేపు ఇంకో డాక్టరు వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే, సంగతి మీ నోటి నుంచి కాకుండా ఇంకొకరి నోటి నుంచి వస్తుంది.

చెప్పాలనుకుంటే ఎవరికి ముందు అన్నది చూసుకోవాలి. పెద్దమ్మగారికి ముందు చెబితే ఆవిడ మిమ్మల్ని క్షమించేసి, “ఎవరికీ చెప్పకే” అని ఒట్టు వేయించుకునే ప్రమాదం ఉంది. పెంచిన చేతులు అలాగే చేస్తాయి. అప్పుడు వదిన సంగతి అక్కడే ఆగిపోతుంది. అన్నయ్యకు ఒక్కడికే చెబితే ఆయన కోపం ముందు మీ మీదికి, తర్వాత తన మీదికి తిరుగుతుంది, ఫొటో తీసి పంపింది తనే కదా. అన్నయ్యనూ వదిననూ కలిపి కూర్చోబెట్టి చెబితే ఆ పూట కష్టంగానే గడుస్తుంది. ఒకటి రెండు పండగలకు పిలుపు రాకపోవచ్చు. నాకైతే ఇది మేలనిపిస్తుంది, అయినా ఆ ఇంటి మనుషులు మీకు తెలిసినట్టు నాకు తెలియరు. ఎలా చెప్పినా ఫోన్లో మాత్రం వద్దు. ఫిల్ము చేత పట్టుకుని, కిటికీ దగ్గర నిలబడి, వేలు పెట్టి చూపించండి. “ఇది అప్పుడే ఉంది. ఫొటోలో చూసి లేదన్నాను. సరిగ్గా చూడకుండా అనకూడని మాట అది. బాత్‌రూము వల్ల కాదు.” ఇంతకన్నా పొడుగు అక్కర్లేదు. ఏడ్చి వాళ్ల చేత ఓదార్పించుకోకండి.

ఇంకొకటి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. మొదటి రోజే పట్టుకున్నా ఆపరేషన్ తప్పేది కాదు. బహుశా స్క్రూలతో పోయేది, కీలు తనదే మిగిలేది. అలా బిగించినవాటిలోనూ కొన్ని తర్వాత చెడిపోయి బాల్ మార్చాల్సి వస్తుంది. మీవల్ల జరిగిందేదో ఆ తేడా మేరకే ఒప్పుకోండి, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. కోర్టుల భయం మీకు మనసులో ఉన్నట్టుంది. డబ్బు తీసుకోకుండా చెప్పిన మాట వినియోగదారుల చట్టం కిందికి రాదు. అయినా మీ ఇండెమ్నిటీ పాలసీ (వైద్యంలో పొరపాట్ల మీద వచ్చే దావాలకు డాక్టర్లు తీసుకునే బీమా) వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి.

చెప్పమన్నట్టే రాస్తున్నానని మీకు అనిపించవచ్చు. ఎందుకో చెబుతాను. ఎప్పటి మాటో, ఇంకా వెనక దీపం వెలిగే వ్యూ బాక్సు మీద ఫిల్ములు పెట్టి చూసే రోజులు. నేను పనిచేసే ఆసుపత్రికి తాటిచెట్టు మీద నుంచి పడిన కల్లుగీత మనిషిని తెచ్చారు. రెండు మడమలూ నలిగిపోయాయి. అంత ఎత్తు నుంచి కాళ్ల మీద పడినవాడికి వెన్ను కూడా చూడాలని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. నేను మడమల గురించి పేజీడు రాశాను. నడుము ఫిల్ము కూడా ఉంది, పైపైన చూసి బాగుందన్నాను. దొరికిన విరుపు చూసిన తృప్తిలో రెండోదాన్ని వెతకలేదు. నాలుగో రోజుకు కాళ్లు తిమ్మిరెక్కాయి. అప్పుడు మళ్లీ చూస్తే నడుము పూస ఒకటి చితికి వెనక్కి తోసుకుని ఉంది. ఆపరేషన్ చేశారు. కర్ర పట్టుకుని నడిచాడు గానీ మళ్లీ చెట్టెక్కలేదు. నేను అతనికి చెప్పలేదు. ఆ చలికాలం అతను మా గది గుమ్మంలో నిలబడి తేగల కట్ట ఒకటి ఇచ్చాడు, “మీరు సూసి సెప్పబట్టే లేచి తిరుగుతున్నానమ్మా” అంటూ. తీసుకున్నాను. ఇంట్లో అందరూ తిన్నారు.

రిపోర్టుల సంగతికి వద్దాం. భయపడ్డ మనిషి రాసే రిపోర్టు నేను ఎక్కడైనా గుర్తుపడతాను, అందులో తేల్చి చెప్పే క్రియాపదం ఒక్కటీ ఉండదు. “ఉండవచ్చు”, “తోసిపుచ్చలేము”, “సరిచూసుకోగలరు.” మీ ఎముకల డాక్టరు మొరటుగా అన్నా, అన్నదాంట్లో తప్పులేదు. గజపతి జిల్లాలో మోహన అవతల నుంచి వచ్చిన సవర గిరిజన కుటుంబానికి మీరు రాసే “ఎమ్మారై మంచిది” అన్న రెండు మాటల ఖరీదు, మీరే రాశారు, ఆరేడు వేలు. నిజంగా కావాల్సిన ఎమ్మారైకి, మీ భయం తీర్చుకోవడానికి అడిగే ఎమ్మారైకి తేడా చెప్పకపోతే, నాలుగు నెలల్లో ఏ డాక్టరూ మీ సలహా చదవడు. అప్పుడు ఇంకో పెద్దమ్మకు నిజంగా అవసరమైన రోజున కూడా చదవడు.

ఇక్కడా అదే మాట పనికొస్తుంది. కనబడింది ఏమిటి, కనబడనిది ఏమిటి, ఈ ఫిల్ము ఎంతవరకు చెప్పగలదు. ఉదాహరణకు: “ఈ రెండు ఫిల్ముల్లో విరుపు కనబడలేదు. వయసు 70 దాటింది, కాలు మోపలేకపోతున్నారు కాబట్టి విరుపు లేదని ఈ ఫిల్ములతో చెప్పలేను. రేపటిలోగా ఎమ్మారై అవసరం. అప్పటిదాకా నడిపించవద్దు.” ఇంకొకరికి: “చీలమండ ఎముకలు బాగున్నాయి. వేరే స్కానింగ్ అక్కర్లేదు.” రెండో రిపోర్టు రాయడానికి కూడా ధైర్యం కావాలి, ఇప్పుడు మీకు అదే కరువైంది. మీరు పుట్టిన ఊళ్లోనే గిడుగు రామమూర్తిగారు బడిపంతులుగా ఉంటూ కొండమీది సవరల భాష నేర్చుకున్నారు, తర్వాత వాడుక తెలుగు కోసం పోట్లాడారు. మన రిపోర్టుల భాష ఆయన చూసి ఉంటే గ్రాంథికమే నయమనేవారేమో!

ఆ డాక్టరు దగ్గరికి మీరే వెళ్లండి. నెలకొకసారి గంటసేపు, మీరు చదివిన ఫిల్మూ ఆయన ఆపరేషన్‌లో చూసిందీ పక్కపక్కన పెట్టుకుందాం అని అడగండి. మొదటి రోజు మీ తప్పులే ముందు బల్ల మీద పెట్టండి. ఆయన ఒప్పుకోకపోతే పోయేదేమీ లేదు. ఒప్పుకుంటే, చేయి వణుకు తగ్గడానికి నాకు తెలిసిన మందు ఇదొక్కటే.

ఫోన్ ఫొటోలు పూర్తిగా మానేయవచ్చు. నెల తిరక్కుండా “పెద్ద డాక్టరైపోయింది” అన్న మాట పర్లాకిమిడి నుంచి పాతపట్నం దాకా పాకుతుంది, కాచుకోవాలి. లేదా షరతులు పెట్టండి: సెంటరు నుంచి అసలు ఫైలు, రెండు వైపుల ఫిల్ములు, పడిన మనిషి నిలబడగలదో లేదో ఒక వాక్యం. ఇవి లేకుండా వచ్చినదానికి “చూడలేను, దగ్గర్లో డాక్టరుకు చూపించండి” అన్న ఒక్క జవాబు. రాత్రి ఎనిమిది దాటాక అదీ వద్దు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఫోన్లో ఇచ్చిన సలహాకు కూడా రికార్డు ఉండాలి, అది చుట్టాలకు చెప్పడానికి మంచి సాకు.

హైదరాబాద్ ఆఫర్‌ను పారిపోవడం అనను. ఇంటి నుంచి పని, పిల్లాడి దగ్గర ఉండొచ్చు, జీతమూ ఎక్కువని రాశారు. అడగాల్సినవి రెండు: షిఫ్టుకు ఎన్ని కేసులు, తప్పిన కేసుల మీద ఎవరైనా కూర్చుని మాట్లాడతారా. రెండో ప్రశ్నకు అటునుంచి నవ్వు వస్తే ఆలోచించుకోండి. ఒకటి మాత్రం పోతుంది. రాయగడ కొండల నుంచి 19 ఏళ్ల కుర్రాడు తుంటి నొప్పితో వస్తే మీకు ముందు సికిల్ సెల్ (వంశంలో వచ్చే రక్తం జబ్బు) గుర్తొస్తుంది. తుంటి తలకు రక్తం అందక చచ్చుబడిందా, చీము పట్టిందా అన్నది ఎమ్మారైలో కూడా ఒక్కోసారి తేలదు. జ్వరం ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా సికిల్ సెల్ ఉందా అని మీరు లేచి వరండాలోకి వెళ్లి ఒడియాలో అడిగి వస్తారు. “కుడి తుంటి నొప్పి” అన్న ఒక్క ముక్కతో తెర మీదికొచ్చే కేసులో ఆ వరండా ఉండదు. అది మీకు ఎంత ముఖ్యమో మీరే చెప్పాలి. ఇప్పుడే తేల్చుకోలేకపోతే మూడు నెలలు గడువు అడగండి. ఇవ్వకపోతే, మనిషి ఎవరైనా సరే అనుకునే చోటన్నమాట.

ఉత్తరమంతా గాలించాను, ఒక సంగతి దొరకలేదు. పెద్దమ్మగారికి ఎముకల బలానికి మందు ఎవరైనా మొదలుపెట్టారా? నిలుచున్న చోట పడి తుంటి విరిగిందంటే ఎముక గుల్లబారినట్టే. డెక్సా స్కాన్ (ఎముక గట్టితనం కొలిచేది), విటమిన్ డి, కాల్షియం, ఆ పైన వాడాల్సిన మందు ఇవన్నీ బాల్ మార్చిన హడావిడిలో చాలాచోట్ల వదిలేస్తారు. ఆవిడకు రెండో తుంటి ఉంది. పర్లాకిమిడి వెళ్లే రోజున, ఫిల్ములున్న కవర్లోంచి శ్రీకాకుళం డిశ్చార్జి కాగితం కూడా తీసి చదవండి. మందుల పేర్లలో అది లేకపోతే, ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోన్ చేయండి.